చివరి పదిహేను నిమిషాలు ఎవరివి?

వరల్డ్‌కాన్ ప్యానెళ్లు నడిపే మోడరేటర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మోడరేటర్లకు,

ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభలో, అభిమానులంతా వరల్డ్‌కాన్ అని పిలుచుకునే, ఏటేటా జరిగే పండుగలో, ప్యానెల్ చర్చలు నడిపే మీకు ఈ ఉత్తరం. మీకు దీనికి జీతం లేదు. నెలల ముందు నుంచి వక్తలకు ఉత్తరాలు రాసి, వాళ్ల పుస్తకాలు చదివి, ప్రశ్నలు తయారుచేసుకుని వచ్చి, తోటి పాఠకుల కోసం ఆ బల్ల వెనక కూర్చుంటారు. ఆ శ్రమ మీద ఉన్న గౌరవంతోనే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. చర్చ చివర ప్రశ్నల కోసం వదిలే పది పదిహేను నిమిషాలను మీలో చాలామంది కాపాడటం లేదు. చెయ్యి ముందు లేపినవారికి, గొంతు పెద్దదైనవారికి ఆ సమయం వెళ్లిపోతోంది. మధ్యలో ఆపితే బాగుండదని మీరు ఊరుకుంటున్నారు. మీరు చూపే ఆ మర్యాద ఒక్కరికి దక్కుతోంది, దాని ఖరీదు మాత్రం గదిలో మిగిలిన అందరూ కడుతున్నారు. ప్రేక్షకులకు బుద్ధులు చెప్పే ఉత్తరాలు ఎన్ని రాసినా ఇది మారదని నా నమ్మకం. మారితే మీ వల్లే మారాలి. అందుకే వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

ముందు జరుగుతున్నదేమిటో చూద్దాం. వేదిక మీద నలుగురో అయిదుగురో వక్తలు. ఎదురుగా ముప్ఫై మంది ఉండవచ్చు, మూడు వందల మందీ ఉండవచ్చు. ముప్పావుగంట చర్చ నడిచాక మీరు ప్రశ్నలు అడగమంటారు. మొదట లేచినవారు చాలాసార్లు అనే మాట, ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య అని. ఆ చిన్న వ్యాఖ్యలో వాళ్ల చదువు, ఉద్యోగం, ఈ ఊహ అరవై ఏళ్ల కిందటే ఏ నవలలో వచ్చిందో, వక్త చెప్పిన ప్రచురణ సంవత్సరంలో ఉన్న ఒక ఏడాది తేడా, అన్నీ వస్తాయి. ఇంకొకరు తాము రాస్తున్న నవల కథ మొదటి నుంచి చెప్పుకొచ్చి, దీని మీద మీరేమంటారని ముగిస్తారు. మరొకరు ప్రశ్నలకు పిలుపు రాకముందే, చర్చ నడుస్తుండగానే, కూర్చున్న చోటి నుంచే వక్తకు మాటలు అందిస్తుంటారు. పేరున్న ఒక్క రచయితకే ప్రశ్నలన్నీ వెళతాయి, పక్కన కూర్చున్న కొత్త రచయిత మైకు ముందు ఊరికే కూర్చుని వెళ్లిపోతారు. నల్లజాతి రచయిత్రి ఒకరు గ్రహాంతర నౌకల ఇంజిన్ల గురించి గంటసేపు చెప్పినా, ఆమెకు వచ్చే ప్రశ్న ఆమె జాతి గురించే అయ్యుంటుంది. కొత్త పుస్తకం ముగింపును, సగం గది ఇంకా చదవలేదన్న ఆలోచన లేకుండా, ప్రశ్నలో కలిపి బయటపెట్టేవారు ఉంటారు. చర్చ ముగిశాక వేదిక చుట్టూ మూగి వక్తలను కదలనివ్వనివారు ఉంటారు, తలుపు బయట తర్వాతి ప్యానెల్ వాళ్లు గోడకు ఆనుకుని నిలబడి ఉంటారు.

ఇవన్నీ చేసేవారు చెడ్డవారని నేను అనను. వాళ్లలో ఎక్కువమందిని నడిపిస్తున్నది ఈ సాహిత్యం మీద ప్రేమే. పదమూడో ఏట చదివిన నవల గురించి ఇంట్లో, ఆఫీసులో, వీధిలో ఎవరితోనూ మాట్లాడే వీలులేక ఏడాదంతా గడిపినవారు, ఒక్కసారి తమ భాష తెలిసిన మూడు వందల మంది మధ్య కూర్చున్నప్పుడు మాట ఆగదు. ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు. కానీ ఆ మూడు వందల మందిలో ప్రతి ఒక్కరిదీ అదే కథ. ఏడాదంతా మాట్లాడేవారు లేక వచ్చినవారే అందరూ. వాళ్లలో ఒకరికి నాలుగు నిమిషాలు దొరికాయంటే అవి ఇంకెవరి దగ్గర నుంచో వచ్చి ఉండాలి. లెక్క వేయడం కష్టం కాదు. ప్రశ్నకు అర నిమిషం, జవాబుకు ఒకటిన్నర నిమిషం అనుకుంటే పదిహేను నిమిషాల్లో ఏడుగురు మాట్లాడగలరు. నాలుగేసి నిమిషాల వ్యాఖ్యలు రెండు వచ్చి, వాటికి వక్తలు మర్యాదకు చెరో రెండు నిమిషాలు జవాబు చెబితే పన్నెండు నిమిషాలు అయిపోతాయి, ఇంక ఒక్కరికి చోటు మిగులుతుంది. మూడు వందల మంది ఉన్న గదిలో నాలుగు నిమిషాలంటే పన్నెండు వందల మనిషి నిమిషాలు, అంటే ఇరవై గంటలు. ఆ ఇరవై గంటలు సముద్రాలు దాటి, సెలవులు పెట్టి, డబ్బు కూడబెట్టి వచ్చిన మనుషులవి.

నష్టం సమయంతో ఆగిపోతే నేనింత దూరం రాసేదాన్ని కాదు. ఎవరి గొంతు పోతోందన్నది అంతకన్నా పెద్ద విషయం. దీనికి సాక్ష్యం సైన్స్ ఫిక్షన్ సభల నుంచి కాకుండా విశ్వవిద్యాలయాల నుంచి తెస్తున్నాను. అలీసియా కార్టర్, ఆమె సహ పరిశోధకులు 10 దేశాల్లోని 35 సంస్థల్లో జరిగిన 247 సెమినార్లను గమనించి 2018లో ప్లాస్ వన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. హాజరులో స్త్రీ పురుషులు దాదాపు సమానంగా ఉన్నా, పురుషుడు ప్రశ్న అడిగే అవకాశం స్త్రీ అడిగే అవకాశం కన్నా రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ప్రశ్న ఉండి కూడా ఎందుకు అడగలేదని విచారిస్తే, ధైర్యం చాలలేదన్న జవాబు స్త్రీల నుంచే ఎక్కువగా వచ్చింది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినవి ఇంకో రెండు సంగతులు. మొదటి ప్రశ్న పురుషుడు అడిగిన చోట ఆ తర్వాత స్త్రీల ప్రశ్నలు తగ్గాయి. ఎక్కువ ప్రశ్నలకు వీలున్న చోట తేడా తగ్గింది. అంటే మొదటి పిలుపు ఎవరికి ఇస్తారు, ఎన్ని ప్రశ్నలకు చోటు చేస్తారు అన్న రెండు నిర్ణయాలు మిగిలిన గంట రూపాన్ని మారుస్తున్నాయి. ఆ రెండు నిర్ణయాలూ మోడరేటర్ చేతిలోవే.

సెమినార్ వేరు, వరల్డ్‌కాన్ ప్యానెల్ వేరు అని మీరనవచ్చు. నిజమే. సెమినార్‌లో ఉద్యోగం, పరువు, పై అధికారి చూపు అన్నీ ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు, అందరూ అభిమానులే. కానీ ఆ తేడా నా వాదాన్ని బలహీనపరచదనే అనుకుంటున్నాను. ప్రశ్న అడగడం వృత్తిలో భాగమైనవారే, అందులో ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారే నోరు మెదపలేకపోతే, మొదటిసారి ఇంత పెద్ద సభకు వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయికి, ఇంగ్లిష్ రెండో భాషో మూడో భాషో అయిన పాఠకుడికి ఎంత కష్టంగా ఉంటుందో ఊహించండి. వరల్డ్‌కాన్ ఇప్పుడు ఇంగ్లిష్ దేశాల సొత్తు కాదు. 2007లో జపాన్‌లోని యోకొహామాలో, 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగింది. ఇంకో భాషలో ఆలోచించి, మనసులోనే అనువదించుకుని, వ్యాకరణం సరిచూసుకుని చెయ్యి లేపేసరికి, ముందు వరుసలో పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవారి చెయ్యి ఎప్పుడో లేచి ఉంటుంది. ఎవరు ముందు లేపితే వారికే అన్న పద్ధతి పైకి సమానంగా కనిపిస్తుంది. నిజానికి అది ఒకే రకం మనుషులను మళ్లీ మళ్లీ ఎంచుకుంటుంది.

ఇక అసలైన ఆక్షేపణకు వస్తాను. దీన్ని లేవనెత్తేవారు పాత అభిమానులు, వాళ్ల మాటలో బలం ఉంది. మేము టికెట్టు కొని వచ్చిన ప్రేక్షకులం కాము, సభ్యులం, అంటారు వాళ్లు. వరల్డ్‌కాన్ నిజంగానే సభ్యత్వం మీద నడుస్తుంది. హ్యూగో అవార్డులకు ఓటు వేసేది ఆ సభ్యులే, రెండేళ్ల తర్వాత సభ ఎక్కడ జరగాలో నిర్ణయించేదీ వాళ్లే. రచయితకూ పాఠకుడికీ మధ్య గోడ లేకపోవడమే ఈ సంప్రదాయం గొప్పతనం, ఇవాళ కింద కూర్చున్నవారు రేపు వేదిక మీద ఉంటారు, కాబట్టి ప్యానెల్ ఉపన్యాసం కాదు, సంభాషణ, అందులో మా వంతు మేము మాట్లాడతాం, అంటారు. చరిత్ర కూడా వాళ్ల పక్షాన ఉన్నట్టే ఉంటుంది. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో అమేజింగ్ స్టోరీస్ పత్రిక మొదలుపెట్టి, అందులో పాఠకుల ఉత్తరాలకు ఒక శీర్షిక నడిపాడు. ఉత్తరాల కింద రాసినవారి చిరునామాలు కూడా అచ్చయ్యేవి. ఆ చిరునామాలు చూసి పాఠకులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు, సొంత పత్రికలు వేసుకున్నారు, చివరికి సభలు జరుపుకున్నారు. అంటే ఈ ప్రపంచమంతా పాఠకుల వ్యాఖ్యల్లోంచే పుట్టింది. వ్యాఖ్య చేయవద్దంటే ఆ పుట్టుకనే కాదన్నట్టు కాదా అని వాళ్ల ప్రశ్న.

కాదు. ఎందుకో ఆ ఉత్తరాల శీర్షికే చెబుతుంది. దానికి సంపాదకుడు ఉన్నాడు. వచ్చిన ఉత్తరాలన్నీ అచ్చు కాలేదు, ఏది వేయాలో ఏది వద్దో ఒకరు కూర్చుని ఎంచారు. పత్రికకు ఉత్తరాలు రాసే అలవాటు ఉన్న తెలుగు పాఠకులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వారపత్రికలో మన ఉత్తరం నాలుగు వాక్యాలకు కుదించి వేస్తే కాస్త బాధ కలుగుతుంది, కానీ పక్కన ఇంకో ఆరుగురి ఉత్తరాలు చదువుతాం, వాళ్లు మనదీ చదువుతారు. ఒకరి ఉత్తరమే పేజీ అంతా ఆక్రమిస్తే ఆ శీర్షికను ఎవరూ చదవరు. అభిమానుల సంఘాన్ని కట్టింది పాఠకుల మాట ఒక్కటే అనుకోవడం సగం నిజం. ఆ మాటకు చోటు కొలిచి, వంతులు వేసి, కొత్త పేర్లకు తావిచ్చిన సంపాదకుడి పని మిగతా సగం. ప్యానెల్ గదిలో ఆ సంపాదకుడు మీరే. సభ్యత్వం గురించిన వాదన కూడా ఇక్కడే తిరగబడుతుంది. మాట్లాడేవారు సభ్యులైతే, మాట్లాడకుండా కూర్చున్న రెండు వందల తొంభై మందీ సభ్యులే. మాట్లాడే హక్కు సభ్యత్వంతో వస్తే అది అందరికీ సమానంగా వచ్చింది. ఒకరు నాలుగు వంతులు వాడుకుంటే మిగిలినవారి సభ్యత్వంలో అంత కోత పడినట్టే. వీళ్లంతా ప్రేక్షకులు మాత్రమే అయితే నేనింత గట్టిగా అడిగేదాన్ని కాదేమో. సభ్యులు కాబట్టే అడుగుతున్నాను.

ఈ సభ్యులకు క్రమశిక్షణ చేతకాదని ఎవరైనా అంటే, అదే మహాసభలో సాధారణంగా కొన్ని గదుల అవతల జరిగే బిజినెస్ మీటింగ్‌ను చూపిస్తాను. సంస్థ నియమావళిని మార్చేది, తీర్మానాలు చేసేది అక్కడే. ఆ సమావేశం రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ ప్రకారం నడుస్తుంది. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికన్ సైనికాధికారి 1876లో మొదట అచ్చువేసిన సభా నియమాల పుస్తకం అది. మాట్లాడాలంటే అధ్యక్షుల అనుమతి కావాలి. మాటలు ఒకరినొకరు ఉద్దేశించుకుని కాక అధ్యక్షులను ఉద్దేశించి ఉండాలి. ఒక్కో చర్చకు సమయం ముందే నిర్ణయిస్తారు. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఒక అంశం మీద ఒకసారి మాట్లాడినవారు, ఇంకా మాట్లాడని సభ్యుడెవరైనా మాట్లాడతానంటే, ఆ సభ్యుడి తర్వాతే రెండోసారి మాట్లాడాలి. నూట యాభై ఏళ్ల నాటి ఆ ఒక్క వాక్యాన్ని ప్యానెల్ గదిలోకి తెస్తే నేను మొరపెట్టుకుంటున్న వాటిలో సగం మాయమవుతాయి. అదే అభిమానులు, అదే భవనం, అదే వారం. పొద్దున ఒక గదిలో వంతు కోసం ఓపికగా కూర్చున్నవారు మధ్యాహ్నం ఇంకో గదిలో వంతు లేకుండా మాట్లాడుతున్నారంటే, వాళ్ల స్వభావం మారిందని కాదు. ఒక గదిలో అధ్యక్షులు తమ పని చేశారు, రెండో గదిలో చేయలేదు.

మోడరేటర్‌కు ఇంత అధికారమిస్తే దాన్ని దుర్వినియోగం చేయరా? ఈ భయానికి కూడా చరిత్రలో ఆధారం ఉంది. 1939 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి వరల్డ్‌కాన్‌కు సుమారు రెండు వందల మంది వచ్చారు. ఆ సభ గుమ్మం దగ్గరే నిర్వాహకులు ఆరుగురు యువకులను లోపలికి రానివ్వలేదు. వాళ్లు ఫ్యూచూరియన్లు అనే పోటీ బృందం వాళ్లు, సభలో గొడవ చేస్తారని నిర్వాహకుల అనుమానం. అలా బయట నిలబడ్డవారిలో ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్, సిరిల్ కోర్న్‌బ్లూత్ ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా సైన్స్ ఫిక్షన్‌ను రాసినవారిలో, అచ్చువేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేర్లు అవి. సభలో క్రమం కాపాడాలన్న పేరుతో ఎవరిని బయట ఉంచేస్తామో ఈ సంఘం మొదటి రోజే నేర్చుకుంది, ఆ పాఠాన్ని మరిచిపోకూడదు. కానీ ఆ రోజు జరిగిన తప్పు మనుషులను చూసి నిర్ణయం తీసుకోవడం. ఎవరు ఏం చేస్తారో ముందే ఊహించి తలుపు మూసేశారు. నేను అడుగుతున్నది నిమిషాలను చూసి నిర్ణయం తీసుకోమని. ప్రశ్నకు ముప్ఫై సెకన్లు అన్న నియమానికి రచయిత, అభిమాని, పాత సభ్యుడు, కొత్త సభ్యురాలు అన్న తేడా ఉండదు. ముందే చెప్పి, అందరికీ ఒకేలా అమలు చేసిన నియమం దుర్వినియోగాన్ని అడ్డుకుంటుంది. నియమం లేని చోట ఎవరిని ఆపాలో, ఎవరిని వదలాలో మోడరేటర్ ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుంది, దుర్వినియోగానికి దారి అక్కడే ఉంది.

తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. మన సాహిత్య సభల్లో ప్రశ్న అడుగుతానని లేచి ఉపన్యాసం ఇచ్చేవారిని అందరం ఎరుగుదుం. కానీ దీనికి మన సంప్రదాయంలోనే ఒక అందమైన పరిష్కారం ఉంది, మీతో దాన్ని పంచుకోవాలని కూడా ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. అష్టావధానంలో అవధాని ఎదుట ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. సమస్య ఇచ్చేవారు ఒకరు, నిషిద్ధాక్షరి అడిగేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు, ఇలా ఎవరి పని వారిది. ఎప్పుడు ఎవరి వంతో సంచాలకుడు చూసుకుంటాడు. వాళ్లలో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యం కట్టుకుంటున్న వేళ సంబంధం లేని మాటలు అడిగి ఏకాగ్రత చెదరగొట్టడమే ఆయనకు అప్పజెప్పిన బాధ్యత. మన పెద్దలు ఎంత లోతుగా ఆలోచించారో చూడండి. అసందర్భంగా మాట్లాడాలన్న కోరిక సభలో ఎప్పుడూ ఉంటుందని వాళ్లకు తెలుసు. దాన్ని నిషేధించకుండా ఒక కళగా మార్చి, ఒకే ఒక్కరికి ఇచ్చారు. మంచి అప్రస్తుత ప్రసంగి మాట చిన్నదిగా, పదునుగా ఉంటుంది, నవ్వు తెప్పించి తప్పుకుంటుంది. వందల మంది సభాసదులున్నా వాళ్లెవరూ పృచ్ఛకులు కారు, అందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు, పద్యం పూర్తయినప్పుడు చప్పట్లు వాళ్లవే. వరల్డ్‌కాన్ ప్యానెల్‌ను అవధానంలా నడపమని నేననను. అక్కడ సభ్యులందరికీ అడిగే హక్కు ఉంది, ఉండాలి కూడా. సంచాలకుడి పని మాత్రం రెండు చోట్లా ఒకటే, వంతు కాపాడటం ఆయన ధర్మమని రెండు చోట్లా అనుకోవాలి.

మైకు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చిన్న విషయంలా కనిపించి చాలామందిని గాయపరుస్తోంది. నాకు మైకు అక్కర్లేదు, నా గొంతు అందరికీ వినిపిస్తుంది అని లేచి మాట్లాడేవారు ప్రతి సభలోనూ ఉంటారు. వినిపించేది వాళ్ల చుట్టుపక్కల వారికే. చెవి మిషన్ పెట్టుకున్నవారిలో చాలామందికి గదిలోని గొంతు కన్నా మైకులోంచి నేరుగా వచ్చే శబ్దమే స్పష్టంగా అందుతుంది. మాటలను తెర మీద అక్షరాలుగా చూపించే ఏర్పాటు ఉన్న గదుల్లో ఆ పని చేసేవారికి వినిపించేదీ మైకులోంచి వచ్చినదే. ఇంటి దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో చూస్తున్న సభ్యుడికి మైకులోకి రాని ప్రశ్న అసలు లేనట్టే, అతనికి జవాబు ఒక్కటే వినిపిస్తుంది. మైకు పట్టుకోనివారి ప్రశ్నను మీరు స్వీకరించకండి. తొందరలో స్వీకరించవలసి వస్తే ఆ ప్రశ్నను మీరు మైకులో మళ్లీ చెప్పి, అప్పుడు వక్తకు ఇవ్వండి. అలా మళ్లీ చెప్పడంలో ఇంకో మేలుంది. రెండు నిమిషాలు సాగిన వ్యాఖ్య మీ నోట పది మాటల ప్రశ్నగా మారుతుంది, అడిగినవారికి అవమానం కలగదు, వక్తకు దేనికి జవాబివ్వాలో తెలుస్తుంది.

మెత్తటి మనసుతో వచ్చే ఆక్షేపణ ఒకటుంది, నేను ఎక్కువగా ఆలోచించింది దాని గురించే. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో ఆటిజం ఉన్నవారు, నలుగురిలో మాటలు ఎక్కడ ఆపాలో సులభంగా పోల్చుకోలేనివారు ఉన్నారు. బయటి ప్రపంచం వాళ్లను రోజూ ఆపుతూనే ఉంటుంది. వాళ్లకు ఊపిరి ఆడే చోటు ఈ సభ ఒక్కటే. ఇక్కడ కూడా మాట మధ్యలో ఆపితే ఎలా అని. ఇది నిజమైన బాధ, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. అయితే ఇప్పుడు మనం చేస్తున్నది వాళ్లకు మేలు చేస్తోందా? వక్త ముఖం పక్కకు తిప్పుకుంటారు, వెనక వరుసలో ఎవరో నిట్టూరుస్తారు, మీరు గడియారం వైపు చూస్తారు. ఆ సైగలన్నీ అందరికన్నా తక్కువగా అర్థమయ్యేది ఆ మనిషికే. గది మొత్తం తన మీద విసిగిపోయిందని సభ అయ్యాక ఏ మూలనుంచో తెలుస్తుంది. దానికి బదులు ప్యానెల్ మొదట్లోనే మీరు, ప్రశ్న ఒకటే, అర నిమిషం, సమయం అయితే నేను చెయ్యెత్తుతాను అని చెప్పి, అన్నట్టే చెయ్యెత్తితే, ఊహించుకోవలసిన సైగలేవీ ఉండవు. విడమరిచి చెప్పిన నియమం సైగలు పోల్చుకోలేనివారికి దయ. గొంతు పెగలని వారికీ, తడబడే వారికీ కాగితం మీద రాసి ఇచ్చే వీలు కల్పించండి. 2020లో కోవిడ్ వల్ల న్యూజిలాండ్ వరల్డ్‌కాన్ మొత్తం ఆన్‌లైన్‌లో జరిగింది. తెర మీద జరిగే సభల్లో ప్రశ్న టైపు చేసి పంపడం అప్పటి నుంచి అందరికీ అలవాటైంది. టైపు చేసిన ప్రశ్నకు గొంతు పెద్దదో చిన్నదో తెలియదు. మోడరేటర్ వాటిని చదివి, కలిపి, మంచివి ముందుకు తెస్తారు. ఆ పద్ధతిని మామూలు గదిలోకి తేవడానికి కావలసింది కొన్ని కార్డులు, పెన్సిళ్లు, వరుసల మధ్య తిరిగే ఒక వాలంటీర్.

వినేవారిలో వక్త కన్నా ఎక్కువ తెలిసినవారు ఉండవచ్చు కదా అన్న మాట కూడా వింటుంటాను. ఉంటారు. అంగారకుడి మీద నవల గురించి చర్చ జరుగుతుంటే మూడో వరుసలో గ్రహ శాస్త్రవేత్త కూర్చుని ఉండటం ఈ సభల్లో వింతేమీ కాదు, ఈ సభల అందమే అది. అలాంటివారు రెండు వాక్యాల్లో తప్పు సరిదిద్దితే అందరం లాభపడతాం. కానీ నిజంగా తెలిసినవారికి రెండు వాక్యాలు చాలు. పెద్ద సంగతి ఉంటే దానికి వచ్చే ఏడాది ఒక ప్యానెలే పెట్టవచ్చు, ప్యానెల్ అంశాలు సూచించడానికీ, వాటిలో పాల్గొంటామని చెప్పుకోవడానికీ వరల్డ్‌కాన్‌లో సభ్యులందరికీ అవకాశం ఉంది. నడవాలో, భోజనాల దగ్గర, రాత్రి పార్టీల్లో సాగే సంభాషణలకు హద్దే లేదు.

మీ పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ప్రశ్నల సమయాన్ని తినేసేది ప్రేక్షకులు మాత్రమే కాదు. వక్తలు చర్చను లాగుతారు, ఒకే ప్రశ్నకు అయిదుగురూ జవాబు చెబుతారు, చివరికి పదిహేను నిమిషాలు అయిదయ్యి, ఆ తొందరలో అందరికన్నా గట్టిగా పిలిచినవారికే మైకు వెళుతుంది. కాబట్టి ప్రశ్నను ఒకరిద్దరు వక్తలకే అప్పగించండి, ఇంతవరకు తక్కువ మాట్లాడినవారికి ముందు ఇవ్వండి. నిర్వాహకులు కూడా మీ వెనక నిలబడాలి. నియమం కార్యక్రమ పుస్తకంలో అచ్చయి, ప్రతి గది తలుపు మీద అంటించి ఉంటే, ఆపినది మీరొక్కరే అన్న కోపం మీ మీదికి రాదు. ఇలాంటి మార్పులు ఈ సంఘానికి సాధ్యం కావనేవారికి వేధింపుల విషయం గుర్తు చేస్తాను. 2013లో రచయిత జాన్ స్కాల్జీ, వేధింపులను అరికట్టే స్పష్టమైన విధానం లేని సమ్మేళనాలకు అతిథిగా వెళ్లనని ప్రకటించాడు, వందల మంది ఆయనతో గొంతు కలిపారు. అటువంటి విధానం ఇవాళ పెద్ద సమ్మేళనాల్లో ఉండటమే మామూలు. అంతకుముందు దాన్ని కూడా మనుషుల మంచితనానికి వదిలేశారు.

2025లో మహాసభ సియాటిల్‌లో జరిగింది, 2026 వంతు లాస్ ఏంజెలెస్ పక్కనున్న అనహైమ్‌ది, 2027ది మాంట్రియల్‌ది. మూడు చోట్లా, చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగి, అసిమోవ్‌నో ల గ్విన్‌నో గ్రంథాలయంలో దొరికించుకుని చదివిన పిల్లలు మొదటిసారి ఆ గదుల్లోకి వస్తారు, వెనక వరుసలో కూర్చుంటారు. మీరు ప్రశ్నలకు పిలిచినప్పుడు ముందు వరుసలో లేచే చేతులు మీకు వెంటనే కనిపిస్తాయి. ఒక్క పది సెకన్లు ఆగండి. ఆ పది సెకన్లలో వెనకెక్కడో ఒక చెయ్యి సగం లేస్తుంది. మొదటి మైకు అక్కడికి పంపించండి.

ఇట్లు,
ఒక సైన్స్ ఫిక్షన్ పాఠకురాలు